ఇంటి జాగల పెద్ద ఇప్పచెట్టు, పునాది ఎంత దూరం తియ్యాలె?

ప్రాణహిత_ఒడ్డు
మాది మహారాష్ట్రల సిరొంచ తాలూకా, నదికి దగ్గర్నే ఊరు. 60 అడుగుల వెడల్పు 100 అడుగుల పొడుగు జాగ, తూర్పుకు రోడ్డు, మిగిలిన మూడు దిక్కుల చేన్లే. నైరుతిల పెద్ద ఇప్పచెట్టున్నది, మా తాత పుట్టకముందుదంట. వాయవ్యంల చింత, ముందల రోడ్డు దిక్కు మూడు టేకు. 50 పొడుగు 40 వెడల్పు ఇల్లు అనుకున్నం. కాంట్రాక్టర్ వచ్చి చూసి మొత్తం కొట్టెయ్యుండ్రి, ఇప్ప వేర్లు పునాదిని లేపుతయి, రేపు గోడలు పగిలితె నన్ననొద్దు అంటుండు. మా అమ్మేమో చెట్టు ముడితె ఆ ఇంట్ల అడుగు పెట్ట అంటది, మార్చిల పొద్దు పొడవకముందే నాలుగిండ్లోళ్లు అండ్లనే పువ్వు ఏరుకుంటరు మరి. సోమవారం జేసీబీ పెడ్తనంటుండు. అసలు ఎంత దూరం ఇడిశిపెడితె చెట్టుకేం గాదు ఇంటికేం గాదు, దీనికి లెక్క ఏమన్న ఉంటదా అందాజ మీదనేనా?

జేసీబీ_బాబు
రెండు బకెట్లు కొడితె అయిపోయేదానికి గింత చర్చ ఎందుకన్నా 😄

ధర్మాబాద్_సివిల్
లెక్క ఉన్నది. బ్రిటన్‌ది బీఎస్ 5837 అని 2012 స్టాండర్డ్ ఒకటి, కట్టుబడి కాడ చెట్లను ఎట్ల చూస్కోవాలె అనేదాని మీదనే. నేల నుంచి మీటరున్నర ఎత్తుల టేపు చుట్టు, వచ్చిన చుట్టుకొలతను 3.14తో భాగిస్తె వ్యాసం, దాన్ని 12 రెట్లు చేస్తె మొదలు నుంచి అంత దూరం దాకా వేర్ల జాగ. ఎంత పెద్ద మానైనా 15 మీటర్ల కాడ ఆపేస్తరు. మన ఫారెస్టోళ్లు 1.37 మీటర్ల కాడ కొలుస్తరు, దాంతోని పెద్ద తేడా రాదు. కొలిచి చెప్పు తమ్మీ. చెట్టు హద్దుల నుంచి ఎంత లోపలున్నదో అది గూడ చెప్పు.

ప్రాణహిత_ఒడ్డు
టేపు పెట్టిన. ఇప్ప 9 అడుగుల 4 అంగుళాలు. దక్షిణం హద్దు నుంచి 22 అడుగులు, పడమర హద్దు నుంచి 25. చింత కింద నుంచే రెండు పాయలైంది, ఒకటి 4 అడుగుల 1 అంగుళం, ఇంకోటి 3 అడుగుల 1 అంగుళం. రెంటినీ కలపాల్నా?

ధర్మాబాద్_సివిల్
ఊకె కలపొద్దు. ముందుగాల ఇప్ప. 285 సెంటీమీటర్లు, వ్యాసం 90 మీద కొద్దిగ, 12 రెట్లు అంటె 10.9 మీటర్లు. 36 అడుగులు. చింతకు రెండు పాయల వ్యాసాలు 40, 30 సెంటీమీటర్లు, రెంటి వర్గాలు కలిపి వర్గమూలం తియ్యాలె, 50 వస్తది. 12 రెట్లు 6 మీటర్లు, 20 అడుగులు.

కోటపల్లి_అల్లుడు
36 అడుగులా?? అటు 36 ఇటు 36 అంటె 72, ఆయన జాగ వెడల్పే 60. అంటె చెట్టుకు ఇల్లు కట్టి మనం బయట పండుకోవాల్నా

టేకుమొద్దు
😂😂 చెట్టుకు డబుల్ బెడ్రూం

మేస్త్రీ_బిడ్డ
నవ్వులు సరే గని కాంట్రాక్టర్ చెప్పిన దాంట్ల తప్పేమున్నది. నదొడ్డు ఊర్లంటె నల్లరేగడే. ఎండకాలం చెట్టు నీళ్లు గుంజుతది, రేగడి ముడుచుకపోతది, బీటలు చెయ్యి పట్టేంత. వాన పడంగనె ఉబ్బుతది. మా నాయిన కట్టిన ఇండ్లల్ల చెట్టు పక్కన ఉన్న గోడే ముందుగాల పగిలింది, ఒకసారి గాదు. పుస్తకం లెక్క ఇంగ్లండు మట్టికి, మనకు గాదు.

ధర్మాబాద్_సివిల్
రేగడి ముచ్చట నిజమే అన్నా, కాదన. కని సగమే చెప్పినవ్. అంత పెద్ద ఇప్పను కొట్టేస్తె అది ఇన్నేండ్లు గుంజుకున్న నీళ్లు ఇగ మట్టిల్నే ఉంటయి. ఆ మట్టి కొన్నేండ్ల దాకా మెల్లమెల్లగ ఉబ్బుకుంట పోతది. చెట్టు కొట్టేసినం ఇగ భయం లేదు అని దాని మీదనే పునాది తీసినోళ్ల ఇండ్లే నడుమ లేశి గడపలు వంకరైతయి. పగులుడుకు భయపడి కొడితె ఇంకో తీరు పగులుడు తెచ్చుకున్నట్టే. రేగడిల చెట్టు ఉన్నా లేకున్నా మామూలు బండ పునాది పనికిరాదు, కింద బల్బు ఉండే పైల్స్, అంటె నేలల లోతుకు దిగే కాంక్రీటు కంబాలు వెయ్యాలె. అండర్ రీమ్డ్ అంటరు, రూర్కీల కట్టడాల పరిశోధన సంస్థ సీబీఆర్ఐ వాళ్లు మన రేగడి కోసమే తయారు చేసిండ్రు, మన దేశపు స్టాండర్డ్ ఐఎస్ 2911 మూడో భాగంల ఉంటది. లోతు రేగడి అయితె 3.5 మీటర్లకు తక్కువ దిగొద్దు.

మేస్త్రీ_బిడ్డ
పైల్స్ మాట ఒప్పుకుంట. ఖర్సు ఎవడిస్తడు అది చెప్పు.

ధర్మాబాద్_సివిల్
రేగడిల గోడలు పగిలినంక రిపేరుకు ఎవడిస్తడో ఆయినే 🙂 పైల్ బోరు చేత్తోని తిప్పే ఆగర్‌తోని, అంటె పెద్ద బరమతోని గూడ పోతది, పెద్ద మిషినే రావాలె అనేది లేదు.

పర్లాకిమిడి_పంతులు
మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఒక్కటి చెప్తాను వినండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా మీంచే పోయింది కదా, పలాస దగ్గర తీరం దాటి. అంతకుముందు మా వీధిలో డ్రైనేజీ కాలవ కోసం రోడ్డు వార ఉన్న పెద్ద చెట్లకి ఓ పక్క వేర్లన్నీ మిషన్‌తో తెంపీసారు. పైకి చూస్తే చెట్టు నిక్షేపంలా ఉండేది, ఆకు కూడా రాలలేదు, చూసారా ఏమీ అవలేదు కదా అనీవారు. ఆ రాత్రి గాలికి ఆ వరసలోవే ముందు పడిపోయాయి, అన్నీ ఒకే వేపుకి, కాలవ లేని పక్కకి. వేర్లు తెగిన పక్క పట్టు లేదు మరి. దాంట్లో ఒకటి మా ప్రహరీ మీద పడింది. కాబట్టి జేసీబీ బాబు గారూ, ఆ రెండు బకెట్లు కొట్టిన నాడు కాదు, తర్వాత లెక్క తేలుతాది.

జేసీబీ_బాబు
సార్ నేను జోక్ చేసిన సార్ 🙏 కని ఒకటి నిజం, మాకు ఎవడు చెప్పడు. గీడ వేరుంటది పైలంగ అని డ్రైవర్‌కు చెప్పినోన్ని నేనింత వరకు చూడలె. లైన్ ముగ్గు పోస్తరు, తవ్వమంటరు, తవ్వుతం. గంట లెక్కన పైసలు.

సర్వే_చైన్
రాయగడ నుంచి. రోడ్డు ప్రాజెక్టుల్లో చెట్ల లెక్క రాసే పని నాది, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక ఉంటే చదవండి. అసలు గొడవంతా ఎక్కడంటే చెట్ల సర్వే డిజైన్ అయిపోయాక చేయిస్తారు. రోడ్డు గీత గీసీసి, ఆ గీతలో పడిన చెట్లు ఎన్ని, నరకడానికి లిస్టు ఇవ్వండి అంటారు. అది సర్వే ఎలా అవుతాది, పంచనామా గానీ. నేను నంబరు పెయింటు వేస్తుంటే ఊళ్లో ముసలమ్మలు వచ్చి బాబూ దీన్ని వదిలీ అని అడుగుతారు, నంబరు పడిందంటే పోయినట్టే అని వాళ్లకి తెలుసు. నిజానికి నంబరు ముందు పడాలి, గీత తర్వాత పడాలి.

సరిగ్గా చేస్తే ఏమేం రాయాలంటే చెట్టు పేరు, చుట్టుకొలత, ఎత్తు, కొమ్మలు నాలుగు దిక్కులా ఎంతెంత పాకాయో వేరేవేరుగా (అన్ని వేపులా ఒకేలా ఉండవు, రోడ్డు వేపు ఎప్పుడో నరికీసి ఉంటారు), అన్నిటికంటే కింద కొమ్మ ఎంత ఎత్తులో ఉంది, ఎందుకంటే లారీ దాని కిందనుంచే వెళ్లాలి. తర్వాత ఆరోగ్యం. ఆ బీఎస్ 5837లోనే ఏ బీ సీ యూ అని నాలుగు తరగతులు ఉన్నాయి. ఏ అంటే ఇంకా 40 ఏళ్లయినా బతికే మంచి చెట్టు, ప్లానులో పచ్చరంగు. బీ 20 ఏళ్లు, నీలం. సీ కనీసం 10 ఏళ్లు లేదా ఇంకా చిన్న మొక్క, బూడిద రంగు. యూ అంటే పదేళ్లు కూడా నిలవదు, ఎరుపు. 'సీ' చెట్టు కోసం ఎవరూ ఇల్లు జరపరు, 'ఏ' చెట్టు కోసం జరపాలి. అన్నీ కాపాడతాం అని కూర్చుంటే చివరికి ఒక్కటీ మిగలదు, ఇది నా అనుభవం.

ఇప్పచెట్టుకి ముఖ్యంగా మొదలు చూడండి. పువ్వు ఏరడానికి కింద ఆకులు తగలబెడతారు కదా, ఏళ్ల తరబడి ఆ సెగకి ఒక పక్క బెరడు పోయి లోపల డొల్ల అవుతాది. చెక్క సుత్తితో చుట్టూ కొట్టి వినండి, డొల్ల ఉన్నచోట చప్పుడు మారిపోతాది. మొదట్లో గట్టి పుట్టగొడుగులు అరల్లా వచ్చాయా చూడండి, వస్తే లోపల కుళ్లు ఉన్నట్టే.

ప్రాణహిత_ఒడ్డు
అక్కా ఇప్పుడే పోయి చూసిన. ఉత్తరం దిక్కు జానెడు వెడల్పు నల్లగ కాలిన మచ్చున్నది, కని దాని అంచుల పొంటి కొత్త బెరడు మందంగ కమ్ముకొస్తున్నది. కొడితె అంతట గట్టిగనే వినవడ్డది. పుట్టగొడుగుల్లేవు.

సర్వే_చైన్
అంచులు మూసుకొస్తున్నాయంటే మంచిదే, చెట్టుకి బలం ఉంది. నా లెక్కలో 'ఏ' తరగతి. ఇక మీద కింద నిప్పు పెట్టనివ్వకండి, ఊడ్చి పాత చీరలు పరిచి ఏరుకోమనండి.

రేంజ్_రిటైర్డ్
ఫారెస్టుల పనిచేసి దిగినోన్ని. చట్టం ముచ్చట ఎవ్వరు ఎత్తలేదు. మహారాష్ట్రల 1964 చెట్ల నరికివేత నియంత్రణ చట్టం ఉన్నది, దాని షెడ్యూల్‌ల ఉన్న చెట్టును సొంత పట్టాల ఉన్నా ట్రీ ఆఫీసర్ పర్మిషన్ లేకుండ కొట్టరాదు. టేకు, ఇప్ప, చింత మూడూ ఆ లిస్టుల ఉన్నయి. మామిడి, పనస, నేరేడు, గంధం, కరక్కాయ, బండారు, నల్లమద్ది గూడ. అంటె మీ కాంట్రాక్టర్ సోమవారం కొట్టేస్తనన్న అయిదు చెట్లు అయిదుకు అయిదు షెడ్యూల్ చెట్లే. జేసీబీ ఆయనది, కేసు మాత్రం పట్టాదారు మీద.

టేకుమొద్దు
2021ల కొత్త రూల్ వచ్చింది గద 50 ఏండ్లు దాటిన చెట్టు హెరిటేజ్ చెట్టు అని? ఇప్పకు అది పెట్టి ఆపొచ్చు గద

రేంజ్_రిటైర్డ్
అది పట్టణాల చట్టానికి, 1975 దానికి సవరణ. మున్సిపాలిటీ హద్దుల్ల వర్తిస్తది. కొడితె దాని వయసెంతో అన్ని మొక్కలు పెట్టాలె అనేది గూడ అండ్లదే. ఈయనది గ్రామపంచాయతి, 1964దే చూడాలె. ఆదివాసుల పట్టా అయితె అమ్ముకానికి 1969 చట్టం ఇంకోటి ఉన్నది, కలెక్టర్ దాకా పోతది. మీకు టేకు మూడు తప్పదు అనుకుంటె అర్జీ పెట్టుకోండ్రి. కొట్టినంక దుంగలు కదలాల్నంటె టీపీ, అంటె కట్టె తీస్కపోయే పర్మిట్ కావాలె, టీపీ లేకుండ వంతెన దాటి కాళేశ్వరం దిక్కు పోతె అటు తెలంగాణోళ్లు బండితో సహా పడ్తరు.

బల్లార్షా_బండి
మా బల్లార్షా టేకు 2023ల అయోధ్య గుడి తలుపులకు పోయింది, ఈయన టేకు కాంట్రాక్టర్ ఇంటి తలుపులకు పోతది. మొత్తం కొట్టెయ్యుండ్రి అన్నప్పుడే నాకు సమజైంది 😏

మేస్త్రీ_బిడ్డ
అందరు కాంట్రాక్టర్లు అట్ల ఉండరు

బల్లార్షా_బండి
అందరని నేనన్ననా

కోటపల్లి_అల్లుడు
మా దిక్కయితె పర్మిషన్ గిర్మిషన్ లేదు, మొదట్ల తొర్ర చేసి ఇంగువ పెడ్తరు, ఎండుకాలం దాటకముందే ఎండుతది. ఎండిన చెట్టని రాయించుకుంటరు.

రేంజ్_రిటైర్డ్
ఇంగువతోని చెట్టు చావదు బిడ్డా. రాత్రి యాసిడ్ పోస్తరు, లేకుంటె బెరడు చుట్టూత చెక్కుతరు, పగలు ఇంగువ పేరు చెప్తరు. చెక్కిన గాటు కనవడకుండ మట్టి పూసినోళ్లను గూడ చూసిన. ఇసొంటివి నేర్పకు ఇక్కడ.

పర్లాకిమిడి_పంతులు
ఇంగువ పెడితే పులిహోర అవుతాది గానీ 😄

వాస్తు_వంశీ
నైరుతిలో అంత పెద్ద చెట్టు ఉంచుకోవచ్చా? ఈశాన్యం అయితే కొట్టాల్సిందే గానీ నైరుతి సంగతి ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

టేకుమొద్దు
నైరుతిల బరువుండాలె అని మీరే అంటరు, ఇప్పకంటె బరువేముంటది చెప్పు

వాస్తు_వంశీ
అదీ నిజమే 🤔

ధర్మాబాద్_సివిల్
ఇప్పుడు అసలు ముచ్చట. తమ్మీ, ఇల్లు తిప్పు. నీ ప్లాన్‌ల 50 అడుగులు తూర్పు పడమర. రోడ్డు దిక్కు 5 అడుగులు ఇడిస్తె ఎనక గోడ చెట్టుకు 20 అడుగుల్ల పడుతది, 36ల 16 అడుగులు ఇల్లే మింగుతది. అదే 50ని ఉత్తరం దక్షిణం పెట్టి 40ని తూర్పు పడమర చెయ్యి. రెండు పక్కల అయిదేసి అడుగులు మిగులుతయి, ఎనక గోడ చెట్టుకు 30 అడుగులకు పోతది. వేర్ల గుండ్రం లోపలికి చెట్టు ఎదురుంగ 6 అడుగులే వస్తది, ఎనక ఉత్తరం మూల బయటనే ఉంటది, దక్షిణం మూల మటుకు కొద్దిగ లోపల పడుతది. అదే ఇల్లు, అవే అర్రలు. మిగిలిన మూడు దిక్కుల చేన్లే అంటివి, చెట్టు వేర్లు అటు గూడ పోయుంటయి.

ఆ 6 అడుగుల ముక్కల మటుకు మిషిన్ పెట్టొద్దు. పైల్ వచ్చే ప్రతి చోట ముందు చేత్తోని రెండడుగులు తవ్వి చూడు, వేర్లల్ల ఎక్కువ పాలు ఆ పై రెండడుగుల్నే ఉంటయి. బొటనవేలంత లావుకు తక్కువున్నవి, అంటె 25 మిల్లీమీటర్ల లోపువి, రంపంతోని నున్నగ కొయ్యొచ్చు, పారతోని చితగ్గొట్టొద్దు. అంతకంటె లావు తగిలితె పైల్‌ను జరుపు, వేరును ముట్టకు. తెరిచిన వేర్లకు తడి గోనెసంచి చుట్టాలె, ఎండకు ఒక్క పగలు ఉంటె పైపొర ఎండుతది. గోడ కింద బీమ్ నేలకు ఆనకుండ పైన పోవాలె, నేల తవ్వి బీమ్ పెడితె పైల్స్ వేసి ఫాయిదా లేదు.

మేస్త్రీ_బిడ్డ
ఇల్లు తిప్పుడు మంచిగున్నది. ఇది ఒప్పుకుంట. కని ఒకటి మరిచిండ్రు, మట్టి. 2022 జులైల గోదావరి వచ్చినంక మా దిక్కు ఎవ్వరు మూడడుగులకు తక్కువ బేస్మెంట్ కడ్తలేరు. జాగ మొత్తం మొరం పోసి లేపుతరు. చెట్టు మొదలు చుట్టు గూడ పోస్తరు గద, అప్పుడెట్ల?

సర్వే_చైన్
చాలా మంచి ప్రశ్న అడిగారు. నరికినవాటికంటే ఇలా పూడ్చి చంపినవే నేనెక్కువ చూసాను. వేర్లకి గాలి కావాలి, మూడడుగుల మొరం పోసి రోలర్ తొక్కిస్తే ఊపిరి ఆడదు. వెంటనే చావదు, రెండు మూడేళ్లకి పైకొమ్మలు ఎండుతాయి, అప్పుడు తెగులు అనుకుంటారు. ఇంటి కింద మాత్రమే లేపండి, చెట్టు వేపు పాత నేల మట్టం పాతలాగే ఉండాలి. రెండిటి మధ్యన బీమ్ మీద రాతి గోడ ఆనించుకోండి. చెట్టు చుట్టూ రింగు కట్టి మిగతాదంతా లేపితే అదో నుయ్యి, వాన నీళ్లు నిలిచి కుళ్లుతాది. సిమెంటు గచ్చు కూడా అంతే. ఢిల్లీలో 2013లో ఎన్జీటీయే (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది చెట్ల చుట్టూ మీటరు దూరం కాంక్రీటు తీసీమని, ఆ మీటరు కూడా మొదలికి నీళ్లు దిగడానికే, వేర్లన్నిటికీ సరిపోదు.

కోటపల్లి_అల్లుడు
గింత కష్టమెందుకు, లేపి ఇంకో కాడ పెట్టొచ్చు గద, హైదరాబాద్‌ల క్రేన్‌తోని చేస్తుండ్రు వీడియోలు చూసిన

రేంజ్_రిటైర్డ్
మర్రి, రావి అసొంటివి అయితె కొమ్మ పాతినా బతుకుతయి, వాటికి నడుస్తది. గింత వయసు ఇప్పకు తల్లివేరు లోతుకు పోయుంటది, లేపితె చెట్టు గాదు కట్టె వస్తది.

బల్లార్షా_బండి
చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల ముచ్చట గుర్తున్నదా, దాదాపు తొమ్మిది వందల చెట్లు, వాటి కోసం ఎన్‌జీటీ దాకా పోయిండ్రు. రోడ్డు గీసినప్పుడే చెట్లు చూసుకుంటె అంత దూరం పోయేది గాదు, సర్వే అక్క చెప్పిందే.

టేకుమొద్దు
సుప్రీంకోర్టు కమిటీ ఒక చెట్టుకు ఏడాదికి 74,500 రూపాయల ఇలువ కట్టింది 2021ల. అన్నా నీ ఇప్పకు వందేండ్లు అనుకో, 74 లక్షల 50 వేలు, నువ్వు కోటీశ్వరునికి దగ్గర్లున్నవ్ 😎

ప్రాణహిత_ఒడ్డు
ఆ కాయిదం చూపిస్తె బ్యాంకు లోను ఇస్తదా మరి 😂
ప్లాన్ తిప్పి గీయించిన, కాంట్రాక్టర్ మూతి ముడుచుకున్నడు కని సరే అన్నడు. జేసీబీ వద్దన్న, ముందుగాల చుట్టు దడి కట్టినంకనే పని షురూ అన్న. మా అమ్మ అయితె మస్తు ఖుష్.

సర్వే_చైన్
దడి గట్టిగా కట్టండి, రిబ్బను కాదు. మీ వైపు వెదురుకి కొదవా. కూలీలు నీడ కదా అని చెట్టు కిందే సిమెంటు బస్తాలు దింపుతారు, కాంక్రీటు కలుపుతారు, సాయంత్రం మిల్లర్ కడిగిన నీళ్లు మొదట్లో పారబోస్తారు, ఆ సున్నపు నీళ్లు వేర్లకి విషం. ఇసక టిప్పర్ ఒక్కసారి వేర్ల మీంచి పోయినా మట్టి బిగిసిపోతాది. అన్నం కూడా అక్కడే వండుకుంటారు. దడి లేకుండా వద్దు వద్దు అని ఎన్నిసార్లు చెప్పినా వినరు, వాళ్ల తప్పు కూడా కాదు, ఎండ అలాంటిది. వేరే చోట తాటాకు పందిరి వేసి ఇవ్వండి, చెట్టు కిందికి రారు.

జేసీబీ_బాబు
డీజిల్ డ్రమ్ము గూడ చెట్టు కిందనే పెడ్తం మేము, చెప్పిండ్రు కాబట్టి ఇగ పెట్ట

మేస్త్రీ_బిడ్డ
సెప్టిక్ ట్యాంక్ ఏడ పెడుతున్నవ్? వాయవ్యంల అయితె చింత ఉన్నది గద

ప్రాణహిత_ఒడ్డు
అవ్ అదే అడుగుదామనుకున్న. కాంట్రాక్టర్ వాయవ్యం మూలకే అంటుండు, చింతకు ఆరడుగులు.

ధర్మాబాద్_సివిల్
చింతకు 20 అడుగులు ఇడవాలె అనుకున్నం గద. మూలకు పోకు. ఉత్తరం హద్దు పొంటి, ఇంటి ఎనక గోడ దాటంగనె పెట్టు. ఆడ నుంచి ఇప్ప 40 అడుగుల పైన, చింత గూడ 35 దాటుతది. పైపు పొడుగు తగ్గుతది, వాటం గూడ మంచిగొస్తది.

వాస్తు_వంశీ
అప్పుడు ఇంటికి వాయవ్యమే అవుతుంది, జాగాకి కాదంతే. పర్వాలేదు.

మేస్త్రీ_బిడ్డ
వంశీ సర్టిఫికెట్ ఇచ్చిండు ఇగ తవ్వు 😄 అవుట్‌లెట్ నీళ్లు మాత్రం చెట్టు దిక్కు ఇడవకు, రేగడిల నీళ్లు నిలిస్తె బీమ్ కింద ఉబ్బుతది.

రేంజ్_రిటైర్డ్
టేకు అర్జీకి పోయేటప్పుడు సాత్‌బారా ఉతార, అంటె భూమి రికార్డు నకలు తీసుకపో. అండ్ల చెట్ల కాలంల ఏం రాసున్నదో ముందు చూడు, చానామంది ఉతారల చెట్లు ఎక్కియ్యరు, పంచనామా కాడ ఆగుతది.

ప్రాణహిత_ఒడ్డు
చూసిన సార్. టేకు రెండే రాసున్నయి, ఇప్ప ఒకటి, చింత లేదు.

రేంజ్_రిటైర్డ్
అయితె తలాఠీ (ఊరి రెవెన్యూ ఆయన) కాడికి పోయి మూడో టేకు, చింత ఎక్కియ్యమను. దాని తర్వాతనే రేంజ్ ఆఫీసుకు పో.